గంజి పెద్దమ్మ, పన్నెండో టేబులు

ఓడ మీద కాలు పెట్టకముందే గంజి పెద్దమ్మకు ఓడ గుట్టంతా తెలుసు. మరకలే చెప్పేవి. రేవు వీధి చివర ఆవిడ లాండ్రీ. విహార ఓడ రేవులో ఆగినప్పుడల్లా దుప్పట్లు, తువ్వాళ్ళు, టేబులు గుడ్డలు మూటలు మూటలుగా వచ్చి గుమ్మంలో కొండలా పడేవి. ఆవిడ ఒక గుడ్డ విదిలించి, వెలుతురుకు పట్టి చూసి, ఆ టేబులు దగ్గర ఏం జరిగిందో పక్కనే కూర్చుని చూసినట్టు చెప్పేది.

"ఇదిగో, ఇక్కడ మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు. ఒక పక్కంతా సూపు ఒలికింది. రెండో పక్క చెంచా ఆనించిన జాడ కూడా లేదు. అలిగినవాళ్ళు తినలేదు, అలగనివాళ్ళు వణుక్కుంటూ తిన్నారు."

బల్లల దగ్గర ఆడవాళ్ళు ఇస్త్రీ పెట్టెలు పక్కన పెట్టి మరీ నవ్వేవారు.

ఆవిడ గంజి పెట్టిన గుడ్డ నిలబెడితే నిలబడుతుంది. ఆవిడ మాట కూడా అంతే. అందుకే ఆ పేరు. అసలు పేరు పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు గానీ, ఆ పేరు మాత్రం వయసుతోపాటు పెరిగింది. మొదట గంజి పిల్ల, తర్వాత గంజి అక్క, ఇప్పుడు గంజి పెద్దమ్మ.

రెండో తరగతిలో ఉండగా తల్లికి చేయి విరిగితే, ఈవిడ బడి మానేసి ఉతికే తొట్టి దగ్గర నిలబడింది. చదువు అక్కడితో సరి. అంకెలు వచ్చు. అచ్చులో ఉన్న అక్షరాలైతే, పక్కన ఎవరూ లేనప్పుడు, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటుంది. రాయడమంటే మాత్రం గుర్తులే. లాండ్రీకొచ్చే ప్రతి ఇంటి బట్ట మూలన ఉతికినా పోని నల్ల సిరాతో ఒక గుర్తు పెట్టాలి. రెండు చుక్కలూ ఒక కొక్కెమూ అయితే డాక్టరుగారి ఇల్లు. మూడు గీతలూ ఒక సున్నా అయితే పడవల కాంట్రాక్టరు. అలాంటివి మూడు వందల పైచిలుకు ఆవిడ తలలో ఉండేవి. ఒక ఇంటి లుంగీ ఇంకో ఇంటికి పోయిన పాపాన పోలేదు. ఇంత తెలివి ఉన్న మనిషికి, నాకు చదవడం రాదు అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు. డెబ్బై ఏళ్ళు రాలేదు. కాగితం ఏదైనా వస్తే కళ్ళు చికిలించి, "అక్షరాలు మసగ్గా ఉన్నాయే అమ్మాయ్, కాస్త చూడు" అని కోడలి చేతిలో పెట్టేసేది. కోడలిది కళ్ళద్దాల షాపు. ఆ పిచ్చితల్లి తొమ్మిదేళ్ళలో మూడు జతల అద్దాలు మార్చింది.

ఓడ కంపెనీవాళ్ళు బట్టల కాంట్రాక్టుతోపాటు ఒక మర్యాద పాటించేవారు. ఏడాదికోసారి, కేబిన్లు ఖాళీగా ఉండే వారంలో, లాండ్రీవాళ్ళకు ఇద్దరికి ప్రయాణం. అలా మొగుడితో కలిసి మొదటిసారి ఎక్కింది. ఇప్పటికి ఇరవై ఆరుసార్లు. కాంట్రాక్టు కొడుకు చేతికి వచ్చాక కూడా ఆ వారం ఆవిడదే. అప్పట్లో ఓడ కదులుతుంటే బ్యాండు వాయించేవారు. రేవులో నిలబడ్డవాళ్ళకూ ఓడ మీదవాళ్ళకూ మధ్య రంగు కాగితాల రిబ్బన్లు, అవి తెగేదాకా చేతులు ఊపడం. గది తాళంచెవి ఇత్తడిది, అరచేయంత. జేబులో వేసుకుంటే ఒక పక్కకు ఒరిగి నడవాల్సి వచ్చేది. సాయంత్రం భోజనానికి కోటు లేని మగవాణ్ణి తలుపు దగ్గరే ఆపేసేవారు.

మొదటి ప్రయాణంలోనే, మొదటి రోజే, ముత్యాల గొలుసు ఆవిడొకతె ఈత తొట్టి దగ్గర తడి తువ్వాలు తెచ్చి ఈవిడ చేతిలో పెట్టింది, పనిమనిషి అనుకుని.

గంజి పెద్దమ్మ ఆ తువ్వాలుతో తన మొహం శుభ్రంగా తుడుచుకుని తిరిగి ఇచ్చేసింది. "ఈ వారం నేను ఉతకనమ్మా. తుడుచుకుంటాను."

ఇక టేబులు సంగతి. పాత ఓడలో ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చోవడమన్న మాటే లేదు. ఎక్కిన రోజే నంబరు ఇచ్చేవారు. వారమంతా అదే టేబులు, అదే కుర్చీ, అవే మొహాలు. వీళ్ళకు పడింది పన్నెండు. నాలుగో అంతస్తులో, ఓడ వెనక చివర, ఎడమ కిటికీ పక్కన. వంటింటి తలుపుకు మరీ దగ్గర కాబట్టి గొప్పవాళ్ళెవరూ కోరేవారు కాదు. కానీ కిటికీలోంచి చూస్తే ఓడ విడిచిన తెల్లటి నురగ దారి కనుచూపు మేర పరిచినట్టు ఉండేది, కొత్తగా ఉతికి ఆరేసిన గుడ్డలాగా. ఏడున్నరకు గంట మోగేది. పదిహేనేళ్ళ కిందటి నుంచీ ఏటా ఆ వారం అదే ఆరుగురు వచ్చి కూర్చునేవారు. గంజి పెద్దమ్మ, ఆవిడ మొగుడు, పళ్ళ డాక్టరు, ఆయన భార్య, ఒక పంతులమ్మ, ఒక రొట్టెలాయన. పంతులమ్మే మిగతావాళ్ళకు ఈ పేర్లు పెట్టింది. అసలు పేర్లు కుర్చీ ముందు చిన్న అట్టముక్కల మీద ఉండేవిగానీ, గంజి పెద్దమ్మ వాటి జోలికి పోలేదు. ఎందుకు పోలేదో తెలిసిందే కదా.

రొట్టెలాయన నలభై ఏళ్ళు తెల్లవారుజామున లేచి రొట్టెలు కాల్చిన మనిషి. భుజాలు తలుపంత, చేతులు అట్లకాడలంత. ఆయనకు రెండు జబ్బులు. ఒకటి, భోజనాల జాబితా చేతికి రాగానే మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదివి, ఒక్కొక్కదానికీ వంక పెట్టడం. "గుమ్మడికాయ సూపు. ఆ, నిన్నటి గుమ్మడికాయే అయి ఉంటుంది. నిమ్మకాయ వేసిన చేప. చేపకు తెలుసా పాపం?" ఇలా. రెండో జబ్బు చేతి గడియారం. అది కీ ఇచ్చే పాత గడియారం. ఓడ తూర్పుకు పోతుంటే గంట ముందుకు తిప్పుకోవాలని వెయిటరు టేబులు టేబులుకూ వచ్చి చెప్పేవాడు. అందరూ వెంటనే తిప్పుకునేవారు. ఈయన మాత్రం వెయిటరు మూడుసార్లు చెబితేగానీ కీ ముట్టుకునేవాడు కాదు. "దీని మాట విని నలభై ఏళ్ళు రొట్టెలు కాల్చాను. ఒక్కటి మాడలేదు. ఊరికే తిప్పమంటే తిప్పుతానా?"

ఆరేళ్ళ కిందట గంజి పెద్దమ్మ మొగుడు పోయాడు. ఆ ఏడు ఆవిడ ఒక్కతే వచ్చి కూర్చుంటే, వెయిటరు ఖాళీ కుర్చీ తీయబోయాడు. రొట్టెలాయన ఆ కుర్చీ మీద తన కోటు వేసి, "అది నా కోటుకు" అన్నాడు. వారమంతా కోటు అక్కడే భోంచేసింది. కోటు లేకుండా కూర్చున్నందుకు పెద్ద వెయిటరు వచ్చి గొణిగితే, "కోటు తెచ్చానుగా, కనపడటంలా?" అన్నాడు. గంజి పెద్దమ్మ మొగుడు పోయాక మొదటిసారి నవ్వింది అప్పుడే.

తర్వాత పంతులమ్మ పోయింది. పళ్ళ డాక్టరు దంపతులు మోకాళ్ళ నొప్పులతో ప్రయాణాలు మానుకున్నారు. పోయినేడు పన్నెండో టేబులు దగ్గర మిగిలింది ఇద్దరే. ఆఖరి సాయంత్రం రొట్టెలాయన జేబులోంచి పెన్నూ చిన్న పుస్తకమూ తీశాడు. "అడ్రసు రాయండి గంజమ్మగారూ. నాదీ రాసిస్తాను. మనమిద్దరమే మిగిలాం."

ఆవిడ పెన్ను వంక చూసింది. పెన్ను చేతిలో పెడితే ఏం రాయాలి? రెండు చుక్కలూ కొక్కెమా?

"మనకేం చీటీలండీ, చిన్నపిల్లల్లాగా!" అంది మూతి తిప్పి. "వచ్చే ఏడు ఇదే వారం, ఏడున్నరకు, ఇదే టేబులు. ఓడ ఎక్కడికి పోతుంది?"

ఓడ పోయింది. నాలుగు నెలలకల్లా కంపెనీవాళ్ళు పాత ఓడను తీసేసి కొత్తది దింపారు. పాత ఓడ గుడ్డలన్నీ ఆఖరి ఉతుక్కి లాండ్రీకి వచ్చాయి. గంజి పెద్దమ్మ గుట్టంతా తిరగేసి, మూలన పన్నెండు అంకె కుట్టిన టేబులు గుడ్డ ఒకటి వెతికి పట్టుకుంది. మేనేజరునడిగి ఉంచేసుకుంది. తన చేతులతో గంజి పెట్టి, తన చేతులతో మడతపెట్టి, పెట్టె అడుగున దాచింది. రొట్టెలాయనకూ కంపెనీ ఉత్తరం వెళ్ళి ఉంటుంది, కొత్త ఓడ, అదే వారం, అదే దారి అని. వస్తాడా? వస్తే ఎక్కడ కూర్చుంటాడు? అసలు ఉన్నాడా? ఎవరినడగాలి? ఏ ఊరో తెలియదు, ఏ పేరో తెలియదు. ఒక్క చీటీ పుచ్చుకుని ఉంటే సరిపోయేది. ఆ ముక్క అనుకున్నప్పుడల్లా ఆవిడ ఇస్త్రీ పెట్టె కాస్త గట్టిగా ఆనించేది.

కొత్త ఓడకు ఫోను లేనిదే పని జరగదన్నారు. అందుకని ఈసారి కోడలు తోడు వచ్చింది.

చూడగానే గంజి పెద్దమ్మ నోరెళ్ళబెట్టింది. ఇరవై అంతస్తులు. ఓడ మీద ఊరు కాదు, ఊరికే ఓడ తగిలించినట్టుంది. బ్యాండు లేదు, రిబ్బన్లు లేవు. ఓడ కదిలిందని తెలిసింది కూడా, కిటికీలో ఎదుటి గోడౌను పక్కకు జరుగుతుంటే. తాళంచెవి బదులు చేతికి రబ్బరు పట్టీ కట్టారు.

"ఇదేమిటే? ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారా?"

"తలుపు తీయడానికి అత్తయ్యా. ఇలా ఆనిస్తే చాలు."

"ఆనిస్తే తెరుచుకునేది తలుపెలా అవుతుంది? తిప్పాలి, కిర్రుమనాలి, అప్పుడు తలుపు."

భోజనాలకు పదకొండు హాళ్ళు. ఒక్క టేబులుకూ గుడ్డ లేదు! ఉత్త బల్ల, దాని మీద నలుపు తెలుపు గళ్ళ స్టిక్కరు. ఫోను చూపిస్తే వంటల జాబితా ఫోనులో వస్తుందట. చేతులు తుడుచుకోవడానికి కాగితాలు. గంజి పెద్దమ్మ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకుంది. "దీనికి గంజెక్కడ పెడతారే?"

నేరుగా సమాచారం బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడ కూర్చున్న కుర్రది నవ్వు మొహంతో, "చెప్పండి మేడం" అంది.

"పన్నెండో టేబులు ఎక్కడమ్మా?"

"నంబర్లు తీసేశాం మేడం. మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా భోంచెయ్యొచ్చు."

"ఎక్కడైనా అంటే ఎక్కడా లేనట్టేగా. మాకు ఒకాయన కావాలి. ఈ ఓడలో ఉన్నాడో లేదో చూసి పెట్టు."

"పేరు చెప్పండి."

"రొట్టెలాయన."

కుర్రది కోడలి వైపు చూసింది. కోడలు కప్పు వైపు చూసింది. నాలుగు వేలమంది ఉన్న ఓడలో రొట్టెలాయన అన్న పేరుతో ఎవరూ టిక్కెట్టు కొనలేదని తేలింది. మొదటి సాయంత్రమంతా అత్తా కోడళ్ళు పదకొండు హాళ్ళూ తిరిగారు. కోడలికి చెప్పులు కరిచాయి. అత్తకు మొహం వాడింది, కానీ నోరు వాడలేదు.

"నిక్కర్లేసుకుని భోజనాలకొచ్చారు చూడు. మా కాలంలో మోకాళ్ళు ఎవరింట్లో వాళ్ళు దాచుకునేవారు."

రెండో రోజు పొద్దున స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్ములు చూసి మాత్రం మెచ్చుకుంది. లిఫ్టులో చక్రాల కుర్చీలు హాయిగా ఎక్కి దిగుతుంటే నిలబడి చూసింది. ఈత తొట్టి దగ్గర గంటసేపు కూర్చుంటే ఒక్కరూ తడి తువ్వాలు చేతికివ్వలేదు. ముత్యాల గొలుసులవాళ్ళు ఎవరో, చాకలివాళ్ళు ఎవరో తెలియకుండా అందరూ ఒకేలా తడిసి కూర్చున్నారు. "ఇదొక్కటీ బాగుందే" అంది కోడలితో. "పళ్ళ డాక్టరు ఉంటే మోకాళ్ళ నొప్పులతో కూడా వచ్చేవాడు. ఈ సంగతి ఆయనకెవరు చెబుతారు? ఆయన అడ్రసూ లేదు."

అప్పుడే ఆవిడకు తట్టింది. టేబులు లేకపోతే పోయింది. టేబులుండిన చోటు ఎక్కడికి పోతుంది? నాలుగో అంతస్తు, వెనక చివర, ఎడమ కిటికీ. రొట్టెలాయనకు బుర్రుంటే అక్కడికే వస్తాడు.

సరిగ్గా ఏడున్నరకు కోడలి ఫోను చూసుకుని అక్కడికి వెళ్ళింది. తలుపు తీస్తే జిమ్ము. కిటికీ వెంబడి నడిచే యంత్రాలు వరసగా. వాటి మీద పదిమంది చెమటలు కారుస్తూ, అడుగు ముందుకు పడకుండా నడుస్తున్నారు.

"ఎక్కడికమ్మా వీళ్ళంతా?"

"ఎక్కడికీ కాదు మామ్మగారూ" అంది వ్యాయామం నేర్పే పిల్ల. పోట్ల గిత్తలా దిట్టంగా ఉంది, మొహం మాత్రం పసిది.

"ఓడెక్కి, సముద్రం దాటుతూ, ఎక్కడికీ పోకుండా నడుస్తున్నారా! వీళ్ళకు దిక్కు చూపించేవాళ్ళే లేరా? అయినా నేను నీకు మామ్మనెప్పుడయ్యాను?"

"సారీ ఆంటీ."

"మామ్మే నయం."

ఆ ఎడమ కిటికీ దగ్గర నిలబడింది. అదే నురగ దారి. పది నిమిషాలు చూసింది. ఎవరూ రాలేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కనపడటం ఆవిడకు చిన్నతనం. సముద్రం బాగుంది అని అందరికీ వినపడేట్టు అని వెళ్ళిపోయింది. గదికొచ్చి పెట్టె తెరిచి, గుడ్డ మడత సవరించి మళ్ళీ పెట్టింది. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

మూడో రోజు సాయంత్రం కోడలు నానా తిప్పలూ పడి ఫోనులో నాటకానికి రెండు సీట్లు పట్టింది, ఎనిమిదింటికి. "అరుగుదలకు రెండడుగులు నడిచొస్తానే" అని అత్తగారు ఏడున్నరకు మళ్ళీ జిమ్ముకు వెళ్ళింది. ఇంకా తిననే లేదు, అరుగుదలెక్కడిది? కోడలు నవ్వుకుంటూ వెనకాలే నడిచింది.

వ్యాయామం పిల్ల ఎదురొచ్చింది. "మామ్మగారూ, నిన్న మీరు వెళ్ళాక ఇంకొకాయన వచ్చి మీలాగే ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడు. నల్ల కోటు. ఇంతేసి భుజాలు. ఇక్కడొక టేబులుండాలే అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు."

 గంజి పెద్దమ్మ మొహం కదలనివ్వలేదు. "ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకు."

"ఎనిమిదిన్నరా! ఏడున్నర మనిషి ఎనిమిదిన్నరకెందుకొస్తాడు?"

"మొన్న రాత్రి టైము గంట ముందుకు జరిగింది కదత్తయ్యా" అంది కోడలు. "ఫోను దానంతటదే మార్చుకుంది."

"దానంతటదే మార్చుకుందా? ఎవరూ చెప్పకుండానే?"

"ఎవరు చెప్పాలి?"

"వెయిటరు!" గంజి పెద్దమ్మ అరిచిన అరుపుకు నడిచే యంత్రం మీద ఒకాయన నడక తప్పాడు. "వెయిటరు మూడుసార్లు చెబితేగానీ తిప్పడే ఆ మొండి ఘటం! ఇక్కడ టేబులూ లేదు, వెయిటరూ లేడు. ఎప్పుడు వెళ్ళినా పెడుతున్నారాయె, గడియారం తప్పిందని ఆయనకెలా తెలుస్తుంది? ఓడంతా ఇవాళ్టిలో ఉంటే, ఆయనొక్కడూ మొన్నటి టైములో తిరుగుతున్నాడే అమ్మాయ్!"

"నాటకం ఎనిమిదింటికి అత్తయ్యా."

"నాటకం ఇక్కడే ఉంటుంది. కూర్చో."

ఆవిడ గదికి పోయి గుడ్డ తెచ్చింది. బరువులెత్తే బల్ల ఒకటి ఎడమ కిటికీ దగ్గరికి జరిపించింది. జరిపింది వ్యాయామం పిల్లే, ఒక్క చేత్తో. గుడ్డ విప్పి గాలిలో ఒక్క విసురు విసిరితే, పావురం రెక్కల చప్పుడు చేసి బల్ల మీద వాలింది. పన్నెండు అంకె మూలన నిలబడింది. కోడలు ఏదో హాల్లోంచి పళ్ళేలు నింపుకుని వచ్చింది. చెమటలు కారుస్తున్నవాళ్ళు యంత్రాలు ఆపి చూస్తున్నారు. ఆ అక్షాంశాల్లో ఎనిమిదిన్నరకు కూడా ఎండ పోలేదు. కిటికీ నిండా బంగారం.

ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి తలుపు తెరుచుకుంది. నల్ల కోటు. తలుపంత భుజాలు. జుట్టు ఇంకాస్త తెల్లబడింది. ఆయన గుడ్డను చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ గుడ్డను చూశాడు. 

"నిన్న రాలేదేం గంజమ్మగారూ?"

"నేను రాలేదా? గంట ఆలస్యంగా వచ్చింది చాలక!"

"ఎవరు ఆలస్యం?" గడియారం ఆవిడ ముక్కు కింద పెట్టాడు. "చూడండి. ఏడున్నర. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు."

"ఓడంతా గంట ముందుకెళ్ళింది."

"నాకు వెయిటరు చెప్పలేదే?"

గంజి పెద్దమ్మ లేచింది. కాగితం తువ్వాలు ఒకటి మడిచి ముంజేతి మీద వేసుకుంది, పాత ఓడ వెయిటర్లు వేసుకున్నట్టు. నడుం వంచింది, ఎంత వంగితే అంత. "అయ్యగారూ, ఒక గంట ముందుకు తిప్పుకోండి."

ఆయన కదల్లేదు.

"అయ్యగారూ, ఒక గంట ముందుకు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పెదవి మాత్రం వణుకుతోంది, నవ్వాపుకోలేక.

"తిప్పుతారా, నన్ను తిప్పమంటారా!"

అప్పుడు తిప్పాడు. జిమ్ములో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో కొట్టేవాళ్ళకే తెలియదు. మొదటి సాయంత్రం ఆయన కూడా పదకొండు హాళ్ళూ తిరిగాడని తెలిసి కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. ఇద్దరూ ఒకరి వెనకాల ఒకరు గుండ్రంగా తిరిగి ఉంటారు.

"ఏం ఓడండీ ఇది" అంది గంజి పెద్దమ్మ. "గుడ్డ లేదు, గంట లేదు."

"రొట్టె మాత్రం ఇప్పుడే బాగుంది" అన్నాడు ఆయన. "రోజంతా వేడివేడిగా కాలుస్తున్నారు. పాత ఓడలో రేవులో కొన్న రొట్టె నాలుగు రోజులు పెట్టేవారు. మీ కోసమని నోరు మూసుకున్నాను."

"మీరా! నోరు మూసుకోవడమా!"

మిగతా సాయంత్రాలన్నీ ఆ బరువుల బల్లే పన్నెండో టేబులు అయింది. వ్యాయామం పిల్ల కూడా వచ్చి కూర్చునేది. ఆ పిల్ల తినే తిండి చూసి రొట్టెలాయనకు ముచ్చటేసింది. కోటు వేయడానికి ఇంకో కుర్చీ కూడా పెట్టారు, అడక్కుండానే.

ఆఖరి సాయంత్రం వచ్చింది. రొట్టెలాయన నవ్వుతున్నాడు, కథలు చెబుతున్నాడు, జేబులో మాత్రం చెయ్యి పెట్టడం లేదు. గంజి పెద్దమ్మ ఆ జేబునే చూస్తోంది. తిన్నదేదో ఆవిడకే తెలియలేదు. వచ్చే ఏటికి ఈ జిమ్ము ఏమవుతుందో? ఓడే ఏమవుతుందో?

"పెన్ను తెచ్చారా?" అంది చివరికి.

"మనకేం చీటీలండీ, చిన్నపిల్లల్లాగా?" అన్నాడు ఆయన. ఏడాదిపాటు దాచుకున్నాడు ఆ మాట.

తన మాట తనకే తిరిగి తగిలింది. ఆవిడ పళ్ళెం పక్కకు జరిపింది. "నాకు రాయడం రాదు" అంది. సూటిగా, గంజి పెట్టినట్టు. "అచ్చక్షరాలు కాసిని కూడబలుక్కుంటాను. అంతే. అందుకని అన్నాను ఆ మాట."

కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది. "అత్తయ్యా! మరి మూడు జతల కళ్ళద్దాలు!"

"బాగానే ఉన్నాయిలే. మరకలు బ్రహ్మాండంగా కనపడుతున్నాయి."

"తొమ్మిదేళ్ళ నుంచీ మీ చూపు ఎందుకు తగ్గుతోందా అని నేను నిద్ర మానేసి పుస్తకాలు తిరగేశానే!" కోడలికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ నవ్వులో కళ్ళు తుడుచుకుంది.

రొట్టెలాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. రొట్టె ముక్క తుంచుకుంటూ, "నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పదిహేనేళ్ళ నుంచీ తెలుసు. భోజనాల జాబితా తెరవకుండానే పక్కన పెట్టేసి, రొట్టెలాయన చెప్పిందే నాకూ అనేవారు. మరి నేను గొంతెత్తి చదివేది ఎందుకనుకున్నారు? నాకేమన్నా పిచ్చా?"

గంజి పెద్దమ్మ ఆయన వైపు తిరిగి కూర్చుంది.  పదిహేనేళ్ళుగా వంకలు పెడుతూ చదివిన ఆ చదువు, గుమ్మడికాయ సూపూ నిమ్మకాయ చేపా, అంతా తన కోసమా!

సంచిలోంచి గుర్తులు పెట్టే సిరా కలం తీసింది. అది లేనిదే ఆవిడ ఇల్లు కదలదు. ముందు ఆయన రుమాలు లాక్కుని, మూలన ఒక చిన్న ఓడ బొమ్మలాంటి గీత, దాని కింద రెండు చుక్కలు, పక్కన లాండ్రీ ఫోను నంబరు వేసింది. "ఈ గుర్తు ఎవరికీ ఇవ్వలేదు. రేవులో దిగి ఇది చూపిస్తే ఎవరైనా మా గుమ్మంలో దింపుతారు." తర్వాత టేబులు గుడ్డ మూల, పన్నెండు అంకె పక్కన, అరచేత్తో సాపు చేసి కలం ఆయన చేతికిచ్చింది. "రాయండి. అచ్చులో ఉన్నట్టు, పెద్ద పెద్ద అక్షరాల్లో."

"గుడ్డ మీదా? మరక పోదండీ!"

"పోకూడదనే."

ఆయన నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా వంగి రాశాడు. ముందు పేరు, తర్వాత వీధి, తర్వాత ఊరు. గంజి పెద్దమ్మ ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, కోడలు వింటుండగా, జిమ్ము పిల్ల వింటుండగా, పైకి చదివింది. పదిహేనేళ్ళకు ఆయన పేరు తెలిసింది.

"ఇదా మీ పేరు? రొట్టెలాయనే బాగుంది" అంది.

ఓడ దిగిన మర్నాడు లాండ్రీలో కొడుకు మూటలు విప్పుతూ ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, ఈ మూలన ఎవరో సిరాతో గీకి మరక చేశారే. తీసేయమంటావా?"

ఇస్త్రీ బల్ల అవతల నుంచి తల్లి ఒక్క అంగలో వచ్చి గుడ్డ లాక్కుంది.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను. అది మరక కాదురా. దానికి గంజి నేనే పెట్టుకుంటాను."